ఆపరేషన్‌కు ముందు మందుల లెక్క



బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకుని, తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళతో, వాళ్ళ ఇంటివాళ్ళతో ఈ పూట నాలుగు మాటలు మాట్లాడాలని వచ్చాను. నేను డాక్టర్ని కాను. బెంగళూరులో, బ్రూక్‌ఫీల్డ్‌లో చాలా ఏళ్ళుగా కాపురముంటున్న తెలుగు ఇల్లాలిని. మా మరిదికి ఈ ఆపరేషన్ జరిగినప్పుడు, మొదటిసారి డాక్టరును కలిసిన రోజు నుంచి ఇంటికి తెచ్చుకునేదాకా పక్కనే ఉన్నాను. అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నవీ మీ ముందు పెడతాను. ఇవన్నీ అతని అనుమతితోనే చెబుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆపరేషన్ చేసేది సర్జన్. దానికి ముందుండే నెలా రెండు నెలలు మాత్రం మన చేతిలో ఉంటాయి. ఆ రోజుల్లో మనం మింగే ప్రతి మాత్రకూ లెక్క తేలాలి. మనసులో తిరిగే ప్రతి దిగులూ దానికి జవాబు చెప్పగలిగిన మనిషి దాకా వెళ్ళాలి. ఈ రెండూ జరిగితే ఆపరేషన్ గదిలోకి వెళ్ళే మనిషి సగం గట్టిపడతాడు.

మా పేట గురించి కొంచెం చెప్పాలి. కుందలహళ్ళి గేటు దాటి ఐటీపీఎల్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది బ్రూక్‌ఫీల్డ్. ఆనుకునే ఏఈసీఎస్ లేఔట్. కడప, అనంతపురం, నెల్లూరు, గుంటూరు జిల్లాల పిల్లలు ఇక్కడ వేలల్లో ఉంటారు. ఆంధ్రా మెస్సులూ పీజీలూ బోలెడు, తెలుగు మాట వినపడని వీధి ఉండదు. ఉద్యోగాలు బాగుంటాయి, జీతాలు బాగుంటాయి. రోజంతా కుర్చీ, రాత్రి అమెరికావాళ్ళతో మీటింగులు, అవి ముగిశాక ఫోనులో తెప్పించుకునే బిర్యానీ. ముప్పై అయిదేళ్ళు నిండకుండానే చేతిలో షుగరు మాత్ర, బీపీ మాత్ర. మా మరిది కథ కూడా ఇదే.

ఎవరికి ఈ ఆపరేషన్ అన్నది ముందు చూద్దాం. బరువును ఎత్తుతో సరిచూసే లెక్కను బీఎంఐ అంటారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 110 కిలోలుంటే బీఎంఐ 40 దాటుతుంది. అమెరికాలో 1991లో గీసిన గీత ఇది: బీఎంఐ 40, లేదా 35తో పాటు షుగరులాంటి జబ్బులు. మనవాళ్ళకు అంతకంటే తక్కువ బరువులోనే షుగరు పట్టుకుంటుంది కాబట్టి, మన దేశపు నిపుణులు ఆ గీతను 37.5కూ, జబ్బులుంటే 32.5కూ దించారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇంకా దించి, ఆసియావాళ్ళ విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి.

బీమా లెక్క మాత్రం వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధనల్లో బీఎంఐ 40 అని ఉంది. 35 అయితే తీవ్రమైన గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తీవ్రంగానో, అదుపులోకి రాని షుగరో ఉండాలి. వయసు 18 నిండాలి, మామూలు పద్ధతులతో బరువు తగ్గలేదని తేలాలి, డాక్టరు సలహా ఉండాలి. అంటే డాక్టరు చెయ్యాలన్న మనిషికి బీమా రాకపోయే అవకాశం ఉంది. ఆఫీసు ఇచ్చే గ్రూపు పాలసీల్లో షరతులు వేరుగా ఉండొచ్చు. తేదీ ఖాయం చేసుకోకముందే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. డబ్బు దిగులు తీరే దారి అదొక్కటే.

ఆపరేషన్లలో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కత్తిరించి మూడొంతులకు పైగా తీసేస్తారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి తయారుచేసి, దాన్ని చిన్నపేగులో కిందికి కలుపుతారు. ఏది ఎవరికన్నది సర్జన్ తేలుస్తారు. మందులు ఒంటికి పట్టే తీరు రెండింటిలోనూ మారుతుంది, బైపాస్‌లో మరీ ఎక్కువగా. అందుకే మందుల లెక్క అంత ముఖ్యం.

మత్తు డాక్టరును కలవాల్సిన ముందురోజు రాత్రి, వాడుతున్న మందులన్నీ పట్టుకు రమ్మని ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. మా మరిది ఓ ప్లాస్టిక్ కవరు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద గుమ్మరించాడు. "నాలుగే మాత్రలు వదినా. షుగరుది, బీపీది, కొలెస్ట్రాల్‌ది, థైరాయిడ్‌ది" అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని స్ట్రిప్పు వెనకున్న సన్న అక్షరాలు చదివాను. షుగరు మాత్ర ఒకటే, అందులో మందులు మూడు: డాపాగ్లిఫ్లోజిన్, సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్. బీపీ మాత్రలో రెండు: టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్. కొలెస్ట్రాల్ క్యాప్సూల్‌లో అటోర్వాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్. థైరాయిడ్‌ది ఒక్కటే ఒక్కటి. నాలుగనుకున్నవి ఎనిమిదయ్యాయి. కవరు అడుగున మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్ ఉంది. ఊరి నుంచి మా అత్తయ్య పంపిన చూర్ణం సీసా ఉంది. ఆ రెంటినీ అతను మందుల్లోనే లెక్కెయ్యలేదు.

మన దేశంలో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు చాలా ఎక్కువ. డాక్టరు "ఫలానా మందు ఆపు" అంటే, ఆ మందు మన మాత్రలో దాక్కుని ఉందని మనకు తెలియదు. ఒకటి ఆపితే మిగతావి కూడా ఆగిపోతాయనీ తెలియదు. అందుకని పెట్టె మీది పెద్ద పేరు చాలదు. లోపలి మందుల పేర్లన్నీ, మోతాదుతో సహా ఒక కాగితం మీదికి ఎక్కాలి. ఒక్కోదాని పక్కన నాలుగు గళ్ళు గీయండి: ఎందుకు వాడుతున్నాను, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి, ఈ మాట ఎవరు చెప్పారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న మందు విషయంలో సొంత నిర్ణయం వద్దు, ముందు అడగాలి.

ఒక్కో రకం మందు దగ్గర ఏమడగాలో చెబుతాను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చక్కెరను మూత్రంలోంచి పంపేస్తాయి. తిండి బాగా తగ్గిన రోజుల్లో ఇవి వేసుకుంటే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకునే ప్రమాదముంది. మీటరులో షుగరు మామూలుగానే కనిపిస్తుంటుంది, లోపల మనిషి పాడవుతుంటాడు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి దీని గుర్తులు. ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు వీటిని ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. ఆపరేషన్‌కు ముందు పథ్యంగా ఇచ్చే ద్రవాహారం మొదలుపెట్టే రోజు నుంచే ఆపాలా అని మీ డాక్టరును తప్పకుండా అడగండి.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వేరే రకం చిక్కు తెస్తాయి. తిండి తగ్గించి పాత మోతాదే వేసుకుంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం. ద్రవాహారం మొదలయ్యే రోజుకే కొత్త మోతాదు రాయించుకోవాలి, ఇంట్లో మీటరుతో చూసుకోవడం పెంచాలి.

ఈ మధ్య సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మా అపార్ట్‌మెంట్లలో కూడా చాలామంది వాడుతున్నారు. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. మత్తు ఇచ్చే సమయానికి లోపల తిండి మిగిలి ఉంటే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వారానికోసారి వేసుకునేదాన్ని వారం ముందు ఆపమని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో చెప్పింది. 2024లో, మనిషిని బట్టి నిర్ణయించాలని సంఘాలు కలిసి సవరించాయి. ఆఖరి ఇంజెక్షన్ ఏ తేదీన వేసుకున్నారో మత్తు డాక్టరుకు చెప్పడం మీ పని, నిర్ణయం ఆయనది.

రక్తాన్ని పలచబరిచే మందుల విషయంలో రెండు వైపులా ప్రమాదమే. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు. గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు మాత్రం సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. గుండె డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పాల్సిన మాట అది. బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్ లాంటివాటిని ఆపరేషన్ రోజు పొద్దున మానేయమంటారు. మెటోప్రొలాల్ లాంటివి హఠాత్తుగా ఆపకూడదు. థైరాయిడ్ మాత్ర మామూలుగా ఆ రోజు కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. అవి వాడే ఆడవాళ్ళు నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దంటారు. బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది కాబట్టి, వేరే పద్ధతి ఏదో అప్పుడే తేల్చుకోవాలి. సిగరెట్ కనీసం 6 వారాల ముందు మానాలి.

అత్తయ్య పంపిన చూర్ణం సీసా మత్తు డాక్టరు చేతికిచ్చినప్పుడు ఆయన విసుక్కోలేదు. లేబులంతా చదివి, ఆపమని రాసి సంతకం పెట్టారు. నొప్పి మాత్ర దగ్గర మాత్రం గట్టిగా చెప్పారు. బైపాస్ తర్వాత డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి వాడితే పేగు కలిపిన చోట పుండు పడే ప్రమాదముంది. మోకాళ్ళ నొప్పి అనగానే కౌంటరు మీద తీసిచ్చే మాత్రలు ఇవే. ఆ అలవాటు ఆపరేషన్‌కు ముందే పోవాలి.

ఇక ద్రవాహారం. ఊబకాయమున్నవాళ్ళలో చాలామందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంటుంది. దాని ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పరుచుకుని ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో దాన్ని పైకెత్తి పట్టుకుని పనిచెయ్యాలి. రెండు వారాల పాటు పిండిపదార్థం, కొవ్వు బాగా తగ్గిస్తే కాలేయం కుదించుకుంటుంది, సర్జన్‌కు చోటు దొరుకుతుంది. ఆ రెండు వారాల పథ్యం ఆపరేషన్‌లో భాగమే. ప్రోటీన్ పొడి కలిపిన పాలు, పలుచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, చారు, కూరగాయల సూపు ఇస్తారు. మన ఇళ్ళల్లో "తాగేదే కదా" అని గ్లాసులకు గ్లాసులు రాగిజావ, పళ్ళరసం ఇచ్చేస్తుంటారు. అందులో ఉన్నది పిండి, చక్కెర. కాలేయానికి అవి ద్రవమైనా ఒకటే, ముద్దయినా ఒకటే. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో తిరగమోత ఘుమఘుమలు కాస్త తగ్గిస్తే అది పెద్ద సాయం.

ఇప్పుడు దిగుళ్ళ దగ్గరికి వస్తాను.

మా అత్తయ్య ప్రొద్దుటూరు నుంచి రోజూ ఫోన్ చేసేది. "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటాడా?" అని ఏడ్చేది. ఆ ఏడుపు వెనక భయం ఉంది. 2015లో సినీనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్ళకే పోయినప్పుడు, అంతకు ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికల్లో వచ్చింది. 2022లో బెంగళూరులోనే కన్నడ టీవీ నటి చేతనా రాజ్, కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత 21 ఏళ్ళకే పోయింది. ఆ ఇద్దరు బిడ్డల మరణం మన ఇళ్ళల్లో భయంగా మిగిలిపోయింది. ఆ భయాన్ని కొట్టిపారెయ్యకూడదు. కానీ లైపోసక్షన్ అంటే ఆకారం కోసం చర్మం కింది కొవ్వును లాగెయ్యడం. మనం మాట్లాడుకుంటున్నది జీర్ణాశయాన్ని, పేగును మార్చి షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బులకు చేసే చికిత్స. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నది ఈ రెండో రకమే. జైట్లీ చేయించుకున్నది షుగరు కోసం.

"ఆపరేషన్ బల్ల మీదే ఏమన్నా అయితే?" అన్నది అందరి మనసులో ఉండే ప్రశ్న. దాన్ని సర్జన్‌ను సూటిగా అడగండి. అమెరికాలో 4,776 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి 30 రోజుల్లో చనిపోయినవాళ్ళు 0.3 శాతం. వెయ్యికి ముగ్గురు. ఆపరేషన్ చేయించుకోకపోతే? స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం 4,000 మందికి పైగా మనుషులను సగటున దాదాపు 11 ఏళ్ళు వెంబడించింది. ఆపరేషన్ లేనివాళ్ళలో 6.3 శాతం, చేయించుకున్నవాళ్ళలో 5 శాతం చనిపోయారు. ప్రమాదం రెండు వైపులా ఉంది, ఆపరేషన్ వైపు తక్కువగా ఉంది. ఈ అంకెలు వేరే దేశాలవి. మీ సర్జన్ ఎన్ని చేశారు, వాళ్ళ ఆసుపత్రిలో ఏమయింది అని అడిగే హక్కు మీకుంది.

మా మరిది దిగులు ఇంకోటి ఉంది. మత్తు డాక్టరు గదిలో నన్ను కాసేపు బయట కూర్చోమన్నాడు. ఇంటికొచ్చాక చెప్పాడు. రెండేళ్ళుగా కుంగుబాటుకు ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాడట. ఆ స్ట్రిప్పు ముందురోజు రాత్రి కవరులోకి రాలేదు, ఆఫీసు బ్యాగులో ఉండిపోయింది. "బరువు గురించి అంటే పడ్డాను వదినా. దీని గురించి కూడా అంటారని చెప్పలేదు" అన్నాడు. అలా మా జాబితాలో ఇంకో మందు చేరింది, అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. అలాంటి మందులు హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, ఆందోళన, జబ్బు తిరగబెట్టడం జరగొచ్చు. మత్తు ఇచ్చేవాళ్ళకు తెలియకపోతే మందుకూ మందుకూ పొసగకపోవచ్చు. బైపాస్ తర్వాత ఒంటికి పట్టే మోతాదు తగ్గొచ్చు, అందుకని తొలి నెలల్లో మానసిక వైద్యుణ్ణి కలుస్తూ ఉండాలి. ఆపరేషన్ బాగా జరిగినా కొందరిలో కుంగుబాటు, మద్యం అలవాటు పెరుగుతాయని వైద్యులకు తెలుసు. బైపాస్ అయినవాళ్ళకు మద్యం త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి.

ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళు 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. దానికి కేంద్రం మన బెంగళూరు నిమ్హాన్సే. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆపరేషన్ రోజు రాక ముందే, తర్వాతి రోజుల లెక్క కూడా రాయించుకోండి. షుగరు కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది, పాత మోతాదు మళ్ళీ మొదలుపెడితే ప్రమాదం. పెద్ద మాత్రలు కొన్ని వారాలు మింగలేరు. పొడి చేయవచ్చా అని ఒక్కోదానికీ అడగండి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరిగేలా చేసినవి, వాటిని నలగ్గొట్టకూడదు. వాటికి బదులు వేరే రూపం రాయించుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం వాడాలి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం, ఐరన్ మాత్రలకూ 4 గంటల ఎడం ఉండాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములే, కాబట్టి అన్నం తర్వాత, ప్రోటీన్ ముందు. మూడో నెల నుంచి జుట్టు రాలొచ్చు, చాలామందికి మళ్ళీ వస్తుంది. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరిగా ఇంటివాళ్ళకు ఒక విన్నపం. "నోరు కట్టుకోలేకపోయావా" అన్న మాట ఇక ఎవరూ అనకండి. ఏళ్ళ తరబడి నోరు కట్టుకుని, తగ్గి, మళ్ళీ పెరిగి, అలసిపోయాకే మనిషి ఈ నిర్ణయానికి వస్తాడు. ఆకలిని పెంచేదీ, తగ్గిన బరువును వెనక్కి తెచ్చేదీ మన ఒంట్లోని హార్మోన్లేనని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆ మాటకు బదులు, ఈ రాత్రి ఆ మనిషి పక్కన కూర్చుని, మందుల కవరు తెప్పించి, స్ట్రిప్పు వెనక ఉన్న పేర్లు చదివి రాసిపెట్టండి. వాళ్ళు చెప్పకుండా దాచుకున్న మందు ఉందేమో తిట్టకుండా అడగండి. ఆ కాగితం రెండు ప్రతులు తీసి ఒకటి సర్జన్‌కు, ఒకటి మత్తు డాక్టరుకు ఇవ్వండి.